మారిపోయే మొగుడి సినిమా

ఆదివారం, జూన్ 1968

మిల్లుకు సెలవు. మొగుడి తన్నులు తిని పుట్టింటికొచ్చి నెలైన అప్పను విజయనగరంలో పాత సినిమాకు తీసుకెళ్లాను. చిన్నప్పుడు దానికే వెక్కివెక్కి ఏడ్చాను. ఇవాళ ఒళ్లు మండింది. హీరోగారు మూడు గంటలు పెళ్లాన్ని బాది, ఆఖరి రీలులో ఒక్క కన్నీటిబొట్టు రాలుస్తాడు. ఆవిడ పోయి వాడి కాళ్లమీద పడుతుంది. తీసినవాణ్ణి తన్నాలి.

అప్ప మాత్రం కళ్లు తుడుచుకుంటూ, "మీ బావ కూడా మారతాడురా. రేపు గజపతినగరం ఎల్లిపోతాను" అంది.

"ఎల్లు. ఆడు మారేసరికి నీ నోట్లో పళ్లు మిగలవు" అన్నాను.

"మరి ఇక్కడే ఉండిపోమని నువ్వొక్కసారైనా అన్నావేటి?"

ఇంటిదాకా మైలు దూరం నడిచాం. అప్పుడూ అనలేదు.

అవతల గదిలో పెట్టె సర్దుకుంటోంది. నేను ఇక్కడ కూచుని సినిమాను తిడుతున్నాను.