అడుగు నేల దొర

దోహా,
అల్ హిలాల్.

చిరంజీవి తమ్ముడు సత్యానికి, అన్న వీర్రాజు దీవించి రాసేది. నేను బాగానే ఉన్నాను. నువ్వు, మరదలు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. పెద్దమ్మకి కీళ్ళనొప్పులు తగ్గాయా? నా గురించి బెంగ పెట్టుకోవద్దని చెప్పు. నేను బాగానే ఉన్నాను.

ఇక్కడ ఎండలు ముదిరాయి. కుళాయి తిప్పితే కాగిన నీళ్ళే. దొరగారింట్లో ఉప్పూకారం లేని వంటలు రుచి చూసి చూసి నా నాలుక చచ్చిపోయింది. ఎవరైనా వస్తుంటే కాస్త మాగాయ పంపు. మాట్లాడుకోవడానికి మనవాడంటే డ్రైవరు నూకరాజు ఒక్కడే. వాడితోనూ పది రోజులుగా మాటల్లేవు. ఎందుకో చెబుతాను.

మా దొరగారిది స్కాట్లాండని రాశాను కదా. మేడమ్ పోయిన నెల వాళ్ళ ఊరెళ్ళి వస్తూ మా ఇద్దరికీ కానుకలు తెచ్చింది. నాకు గళ్ళ ఉన్ని మఫ్లరు. ఈ ఎండలో! నూకరాజుకి అద్దం కట్టించిన కాగితం. అందులో వాడి పేరు, కింద ఎర్ర లక్కముద్ర. వాళ్ళ కొండల్లో ఒక చదరపు అడుగు నేల వాడిదట. దానితోపాటు ‘లెయిర్డ్’ అని బిరుదు, అంటే అక్కడి భూస్వామిట. సరదాకి ఇచ్చుకునే కాగితమని దొరగారే నవ్వుతూ చెప్పారు. వీడు వింటేనా! కారులో ముందు పెట్టుకుని తిరుగుతున్నాడు. అబూ హమూర్ మార్కెట్టులో ఉల్లిపాయల పఠాను "ఆయియే లాట్ సాబ్" అని వాడికి కుర్చీ వేశాడు. సంచులు నేను మోశాను. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో వండిపెడుతున్నది నేను. వాడొచ్చి రెండేళ్ళు. వాడు లేనప్పుడు ఆ కాగితాన్ని నాలుగుసార్లు చూశాను. నీ దగ్గర దాపరికమెందుకు?

నా మొహం చూసి మేడమ్, "వీర్రాజూ, నీకూ ఒకటి తెప్పించనా?" అంది.

నా నోరు ఊరుకోలేదు. "అక్కర్లేదు మేడమ్. మా ఊళ్ళో నా పేర నలభై సెంట్ల కొబ్బరితోట ఉంది. అడుగు నేల నేనేం చేసుకోను?" అన్నాను.

ఆవిడ చప్పట్లు కొట్టి, "అయితే అసలు లెయిర్డ్ నువ్వే! ఆ కాగితం తెప్పించు, చూస్తాను" అంది.

ఆవిడ అటు వెళ్ళగానే నూకరాజు పళ్ళికిలించాడు.

"బాబాయ్, ఆ తోట పాసుబుక్కు మీ తమ్ముడి పేర కదా? ఎమ్మార్వో ఆఫీసుకి ఆయన్ని తీసుకెళ్ళింది మా బావే."

"నోర్ముయ్యరా. తోట మా ఇద్దరిదీ."

"కాదన్నానా? కాగితం మీద చెప్పు. నాకు అడుగైనా ఉంది."

పాసుబుక్కులు ఇచ్చేటప్పుడు, "నేనెప్పుడొస్తానో, నీ పేరే రాయించుకో" అన్నది నేనే. నీ తప్పు లేదు. కానీ నాకు అరవై దాటాయి. నా పేరు పాస్‌పోర్టు మీద ఉంది కానీ ఏ నేల కాగితంలోనూ లేదు. వాడి పేరు ఉంది. అది నాకు మింగుడు పడటం లేదు.

తోటంతా అడగను. కాయదింపు ఎప్పటిలాగే నీదే. బోరు పక్కనున్న పది సెంట్లు నా పేరుకి మార్పించి, పాసుబుక్కు జిరాక్సు పంపు. అతికించడానికి ఫోటో ఇందులో పెట్టాను.

పెద్దమ్మ కాళ్ళకి నా బదులు నువ్వు దండం పెట్టి, నన్ను దీవించమను. మరదలికీ పిల్లలకీ నా ఆశీస్సులు.

నీకు ఇష్టం లేకపోతే లేదనే రాయి, నాన్చవద్దు. అప్పుడు మేడమ్ దగ్గరికెళ్ళి, నాకూ ఆ అడుగు నేల ఇప్పించమని అడుక్కుంటాను. ఈ వయసులో నా చేత ఆ పని చేయించకు.

ఇట్లు,
నీ అన్న
వీర్రాజు