గోల్ వెనక ఊక బండి

మిర్యాలగూడ,
సెప్టెంబరు 1972

ఫుట్‌బాల్ పోటీల కార్యదర్శి గారికి నమస్కారాలు.

మా రైస్ మిల్లు హమాలీల జట్టు మొదటిసారి ఫైనల్‌కొచ్చింది. టికెట్లేమో షావుకార్లకూ, సూర్యాపేట అతిథులకూ పంచేశారట. ఓడిన ఏళ్లన్నీ వచ్చి అరిచిన మేం ఇప్పుడు గోడ బయట నిలబడాలా? మా ముసలి హమాలీ మట్టయ్య, "మనోళ్లు ఆడంగ నేను సూడకుంటె ఎట్ల?" అని అన్నం ముట్టడం లేదు.

వానకు మైదానం బురదయితే ఏటా మిల్లు ఊక తెచ్చి చల్లేది మేమే. ఈసారీ తెస్తాం, అలగలేదు. ఊక బండికి టికెట్ అక్కర్లేదు కదా! చల్లడం అయ్యాక ఎడ్లను విప్పి, బండిని గోల్ వెనక నిలిపి, దాని మీదెక్కి చూస్తాం.

గేటు తీయించండి. మట్టయ్య అప్పుడే బండెక్కి కూర్చున్నాడు.

ఇట్లు,
ఊక చల్లేవాళ్లు