వీసాల వరసలో సలాములు

అల్ నహ్దా, షార్జా
ఫిబ్రవరి 2006

సర్వర్ ఖాలాకు గౌసియా సలాములు. మేమంతా బాగున్నాం, నీ మోకాళ్ల నొప్పుల గురించే నాకు దిగులు.

మొన్న శుక్రవారం దుబాయ్‌లో ఉన్న మనవాళ్లంతా పిల్లాజెల్లాతో ఇక్కడి పార్కులో కలిశాం. మన ఇంటి నుంచి మొదట వచ్చినవాడని ఖాదర్ మామూ ఫోటోతో పెద్ద బ్యానరు కట్టారు. బిర్యానీలు అయ్యాక, ఎవరికి ఎవరు వీసా తీశారో వరసగా చెప్పమన్నారు. నేను సైఫ్ అన్న పేరు చెప్పాను. అన్న రమీజ్ మామూ పేరు, ఆయన ఖాదర్ మామూ పేరు చెప్పారు. అక్కడితో ఖలాస్ అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. ఖాదర్ మామూ చెయ్యెత్తి ఆపాడు.

"నాకు తీసింది మా సర్వర్ అక్క. అరబ్బోళ్లింట్లో వంట చేస్తా, ఆ ఇంటామె కాళ్లావేళ్లా పడి తీసింది. మీరెవురూ అడగల్యా, నేనూ చెప్పల్యా."

తనే లేచి బ్యానరు విప్పి మడిచిపెట్టాడు.

చెల్లెలు సబీనాకు మా క్లినిక్‌లో చెప్పి నేను తీయించిన వీసా వచ్చింది. ఆమెతో రాగిపిండి పంపు, చింతపండు ఇక్కడే దొరుకుతుంది. మిద్దె బాగు చేయించావా? నీ పాత పాస్‌పోర్టులోని ఫోటోను స్టూడియోలో పెద్దది చేయించి పంపు. మొహం బాగాలేదని సాకులు చెప్పొద్దు, బ్యానరు మళ్లీ వేయించాలి.

వీసాల వరసలోనే అందరి సలాములు: ఖాదర్ మామూ, రమీజ్ మామూ, సైఫ్ అన్న, నేను. మొదటి పేరు ఈ కార్డు చిరునామాలో ఉంది.