రోడ్డు తక్కువున్న ఊరు

1 డిసెంబర్ 2017, శుక్రవారం. ఉదయం 4:10

అలారం పెట్టకుండానే మెలకువ వచ్చేసింది. డ్యూటీ లేదు. ఇరవై ఎనిమిదేళ్లు ఆర్టీసీ బస్సు నడిపి, నిన్న రిటైరయ్యాను. శాలువా కప్పారు, లడ్డూలు పంచారు. సుందరరావు చేతిలో ఒక్క మనిషికీ హాని జరగలేదని మేనేజర్ గారు స్పీచ్‌లో అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆవిడ కృపారాణి కొట్టలేదు. చేతిలో దండల కవరు ఉంది, అందుకే అనుకుంటాను.

ఖాళీగా కూర్చుంటే బీపీ పెరుగుతుంది, ఏదో ఒకటి రాసుకోమని మా అమ్మాయి దీవెన ఈ డైరీ కొనిచ్చింది. విజయనగరంలో నర్సు. దానికి అన్నిటికీ బీపీయే కారణం.

3 డిసెంబర్, ఆదివారం

చర్చి అయ్యాక దీవెన భోజనానికి వచ్చింది. జిల్లా జనాన్నంతా తిప్పావు, అమ్మని ఒక్కసారైనా ఎక్కడికైనా తీసుకెళ్లావా నాన్నా అంది. నవ్వుతూనే అంది.

క్రిస్మస్ అయ్యాక రెండు మూడు రోజులు ఎక్కడికైనా వెళ్దామన్నాను. చలికాలం, చిన్న ఊరు, హడావుడి లేని గది. అయితే రోడ్డు తక్కువ ఉండాలి. నా నడుముకి బెల్టు పడింది. కృపకి బస్సు పడదు. పెళ్లైన కొత్తల్లోనే పడలేదు, అప్పట్నుంచి ఆవిడ నా బస్సు ఎక్కలేదు. దీవెన ఏదో అనబోయి, పెరుగు గిన్నె అందుకుంది.

4 డిసెంబర్

షెడ్యూల్ వేయడం నాకు చేతనైన పని. పాత లాగ్‌షీట్ తీసి వెనక రాశాను.

బారువ: సముద్రం ఉంది. సోంపేటలో రైలు దిగాక ఆటో తప్పదు. అదీ రోడ్డే.

బొబ్బిలి: విజయనగరంలో రైలు మారితే చాలు. స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. రోడ్డు సున్నా.

కళింగపట్నం: రాసి, కొట్టేశాను.

బొబ్బిలి ఖాయం. మిషన్ కాంపౌండ్ దగ్గర నాకు తెలిసిన బెన్హర్ మాస్టారి మేడ మీద గది ఖాళీగా ఉందట. గీజరు కూడా ఉందట. ఫోన్‌లో ఆయనే నాకంటే సంబరపడ్డాడు.

6 డిసెంబర్

కృపతో చెప్పాను. నీ ఇష్టం అంది.

9 డిసెంబర్

ఫ్లాస్కు కొన్నాను. నాకు మంకీ క్యాప్, ఆవిడకి ఊదారంగు శాలువా. ఉదయాన్నే మంచులో కోట వైపు నడక, వస్తూ వేడి ఇడ్లీ. మధ్యాహ్నం ఎండలో కుర్చీలు వేసుకుని కూర్చోవడం. రెండో రోజు వీణలు చేసేవాళ్ల దగ్గరికి. అంతా గంటలవారీగా రాసి కృపకి చదివి వినిపించాను. ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది. మధ్యలో ఎప్పుడు ఊపిరి పీల్చుకోవాలో కూడా రాశావా అంది.

నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

12 డిసెంబర్

బజార్లో గంగులు కనిపించాడు. నాతో చాలా ఏళ్లు కండక్టర్‌గా చేశాడు, ఇప్పుడు విజయనగరం బస్సులో ఉన్నాడు. బొబ్బిలి సంగతి చెప్పి, మా ఆవిడకి బస్సు పడదు కదా, అందుకని రైలు అన్నాను.

వాడు నోరు తెరిచాడు. అక్కకి బస్సు పడదని నీకెవులు సెప్పారు మావా అన్నాడు. నెలకి రెండుసార్లు నా బండిలోనే ఇజీనారం పాప దగ్గరకి ఎల్తాది, కిటికీ సీటుంటే సాలు, జంతికలు తింటా కూకుంటాది, నీకు తెలీదేటి అన్నాడు.

తెలుసులే అన్నాను.

12 డిసెంబర్, సాయంత్రం

దీవెనకి ఫోన్ చేశాను. అమ్మ పదేళ్ల నుంచీ బస్సులోనే వస్తోందంది. నీకు చెప్పొద్దంది నాన్నా అంది. కృపకి బస్సు పడుతుంది. పడనిది నా బస్సు.

14 డిసెంబర్

రాసేస్తాను. ఎవరూ చదవరు కదా.

1989. మేలో మా పెళ్లి, సెప్టెంబర్లో నాకు ఉద్యోగం. క్రిస్మస్ అయిన రెండో రోజు కళింగపట్నం రూటు పడింది. రోజుకి రెండు ట్రిప్పులు, రెండోదానికి అక్కడే నైట్ హాల్ట్. కృప అప్పటికి సముద్రం చూడలేదు. మొదటి ట్రిప్పులో నా బండిలోనే రా, మన చర్చి వాళ్లింట్లో దింపుతాను, రాత్రికి నేనూ వచ్చేస్తాను, తెల్లారి సముద్రం చూద్దాం అన్నాను. పెళ్లి చీర కట్టుకుని వచ్చింది. నా వెనక సీట్లో కూర్చుంది. నేను గేరు మార్చినప్పుడల్లా నా చెయ్యే చూస్తోందని అద్దంలో కనిపించేది. ఆ రోజు బండిని ఎంత బాగా నడిపానో.

శ్రీకాకుళం దాటాక ఆపమంది. ఆపాను. దిగి కక్కుకుని ఎక్కింది. మళ్లీ ఆపమంది, మళ్లీ ఆపాను. మూడోసారి నేను బ్రేకు వేసేలోగా పక్కాయన పంచె మీద కక్కేసింది. ఆయన లేచి నానా తిట్లూ తిట్టాడు. లేటైపోతోందని వెనక నుంచి కేకలు. కండక్టర్ నరసింగరావు ఆ వారమే కొత్తగా వచ్చాడు, కృప ఎవరో వాడికి తెలీదు. ఎవులీ మనిషి, నీకు తెలిసినామేటి అని నన్ను అడిగాడు.

అద్దంలో చూశాను. కృప నోరు తుడుచుకుంటూ నన్నే చూస్తోంది.

ఎవరో పాసింజరు, దింపీ అన్నాను.

శ్రీకూర్మం మలుపు దగ్గర దింపాడు. సంచీ పట్టుకుని నిలబడింది. గేరు వేసి వెళ్లిపోయాను. కొత్త ఉద్యోగం, కంప్లయింట్ వస్తే ఊడుతుందని భయం, అందుకే అలా అన్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. భయం కాదు. సిగ్గు. వాసన కొడుతున్న ఆ చీర మనిషి నా మనిషని అంతమంది ముందు చెప్పుకోడానికి సిగ్గుపడ్డాను.

ఒక్కటి మాత్రం చేశాను. తిరుగు ట్రిప్పులో అక్కడ బండి ఆపి, దిగి వెతికాను. టీ కొట్టులో అడిగాను. లేదన్నారు. ఇన్నేళ్లూ ఆ వెతకడమే నాకు ఆసరా. వదిలేసినవాణ్ణే, కానీ వెనక్కొచ్చి వెతికినవాణ్ణి.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ ఇంటికి వచ్చింది. వంట చేసింది. ఎలా వచ్చావని నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు. తర్వాత ఏ గుడ్ ఫ్రైడేకి పాస్టర్ గారు పేతురు యేసుని ఎరగనన్న సంగతి ఎత్తినా, నేను తల వంచుకుని బైబిల్లో పేజీలు తిప్పుతుంటాను.

15 డిసెంబర్

ఆ రోజు ఎలా వచ్చావని ఈ రోజూ అడగలేదు.

17 డిసెంబర్, ఆదివారం

చర్చి నుంచి నడిచి వస్తూ, నీకు ఎక్కడికి వెళ్లాలనుంది అని అడిగాను. పెళ్లయ్యాక ఈ మాట అడగడం ఇదే మొదలని అడిగాకే తెలిసింది.

కళింగపట్నం అంది. ఆలోచించనైనా లేదు. బస్సు మీదే ఎల్దాం, ఏం, బయమేస్తందా అంది.

18 డిసెంబర్

బెన్హర్ మాస్టారికి ఫోన్ చేసి రావట్లేదని చెప్పాను. గది కడిగించేశానయ్యా అని బాధపడ్డాడు. కారణం ఏం చెప్పను. నడుము నొప్పి అన్నాను.

27 డిసెంబర్, బుధవారం. సాయంత్రం 5, కళింగపట్నం

వచ్చాం. బస్సులో కృప కిటికీ పక్కన, నేను నడవ వైపు. ప్రయాణికుడిగా కూర్చుంటే కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బ్రేకు పడినప్పుడల్లా నా కుడికాలు కూడా నొక్కింది. శ్రీకూర్మం మలుపు దగ్గర మాట్లాడదామనుకున్నాను. ఆవిడ బయటికి చూస్తూ ఉంది. మలుపు దాటిపోయింది.

గది చిన్నది, వెచ్చగా ఉంది. వంట చేసిపెట్టే తవిటమ్మ చేపల పులుసు, ఉడికించిన తేగలు పెట్టింది. ఇసకలో చేపలు ఎండుతున్నాయి. సముద్రం చూపిస్తాను రా అని కృపని పెద్ద హోదాగా తీసుకెళ్లాను. ఆవిడ చెప్పులు చేతిలో పట్టుకుని తిన్నగా నీళ్లలోకి నడిచింది. ఇక్కడికి ఎన్నిసార్లు వచ్చావని అడిగాను. చర్చి స్త్రీల సమాజం వాళ్లతో నాలుగైదుసార్లు అంది.

నేను చూపించడానికి ఏమీ మిగల్లేదు.

28 డిసెంబర్. ఉదయం 7:30

ఇవాళ చెప్పేశాను. ఒడ్డున బోర్లా వేసిన పడవ మీద కూర్చున్నాం. చలిగాలి, ఇద్దరం శాలువాలు కప్పుకున్నాం. ఆ రోజు తప్పు చేశాను కృపా, క్షమించు అన్నాను. ఆవిడ అలల వైపే చూస్తూ శాలువా సర్దుకుంది. నాకు కంగారు పుట్టింది. కంగారులో, వెనక్కొచ్చి వెతికాను, తెలుసా, టీ కొట్టులో కూడా అడిగాను అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

తెలుసు అంది. నువ్వొచ్చినప్పుడు ఆ కొట్టు ఎనకాలే ఉన్నాను, తడిక సందులోంచి సూశాను అంది. బస్సు ఆగితే నా పేణం లేసొచ్చింది, సీర సర్దుకున్నాను, సంచీ సంకన పెట్టుకున్నాను. నా పెళ్లాం ఇక్కడ దిగింది, సూశారేటి అని అడుగుతావు, పరిగెత్తుకొచ్చీదామని నిలబడ్డాను. ఇక్కడో పాసింజరు దిగింది, ఎటెళ్లింది అన్నావు. అక్కడ నిన్ను ఎరిగినోళ్లు ఎవులున్నారు? కొట్టామె ఒక్కర్తే. ఆమెకి కూడా సెప్పలేకపోయావు. లేదని సెప్పమ్మా అన్నాను.

నాకు ఆ మాట గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. వెతకడం గుర్తుంది, దిగడం గుర్తుంది, టీ కొట్టు గుర్తుంది. ఏమని అడిగానో గుర్తు లేదు. కానీ ఆవిడ అబద్ధం చెప్పదు. పైగా నేను అలాగే అడిగి ఉంటాను. నా గురించి నాకు తెలుసు.

దింపినప్పుడు ఏడవలేదు, కక్కుళ్లతో ఒళ్లు తెలీలేదు, నువ్వు మళ్లీ ఎక్కి ఎలిపోయాక ఏడిసాను అంది. ఆ రాత్రి కొట్టామె ఇంట్లోనే పడుకుందట. మర్నాడు ఆమె కొడుకు సైకిలు మీద శ్రీకాకుళం దాకా దింపాడట.

తర్వాత లేచి, పద, తవిటమ్మ టీ పెట్టుంటాది అంది.

29 డిసెంబర్

ఇంటికి వచ్చేశాం. బస్సులో కృప నిద్రపోయింది. తల నా భుజం మీదికి వాలుతుంటే, సర్దుకుని కిటికీకి ఆనించుకుంది.

30 డిసెంబర్

ఎవరూ వినని చోట వంద క్షమాపణలు చెప్పినా ఆవిడకి అక్కర్లేదు. ఇప్పటికి అర్థమైంది.

1 జనవరి 2018, సోమవారం

మా చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధనకి ఒక్కొక్కరూ లేచి దేవుడు తమకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతారు. నేను లేచాను. రిటైర్మెంట్‌కి దేవుడికి వందనాలు చెబుతాననుకుని పాస్టర్ గారు ముందే ఆమెన్ అనేశారు. ఆ కిటికీ పక్కన కూర్చున్న కృపారాణి నా భార్య, ఒకసారి నా బస్సులో ఈమె ఎవరని అడిగితే తెలీదన్నాను, రోడ్డు మీద దింపేశాను అన్నాను. కూర్చున్నాను.

బయట ఆడవాళ్లు కృప చుట్టూ చేరారు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. ఇరవై ఎనిమిదేళ్లలో ఎవరికీ చెప్పని సంగతి, చేతులు తిప్పుతూ, మొదటి నుంచీ. వాళ్లు ఒక్కొక్కరే తల తిప్పి నన్ను చూశారు.

గేటు దగ్గర నిలబడ్డాను. అరగంట పట్టింది. వెళ్లిపోలేదు.