కొడకండ్ల చౌరస్తాలో ఫ్లెక్సీ

మస్కట్, మంగళవారం రాత్రి

దత్తత ఉత్తర్వు ఇంకా చేతికి రానేలేదు. మా మరిది మాత్రం పోయిన వారమే కొడకండ్ల చౌరస్తాలో పిల్లలిద్దరి ఫొటోలతో "మా ఇంటి వారసులకు స్వాగతం" అని ఫ్లెక్సీ కట్టించాడు. వద్దనాల్సింది పోయి నేనూ మురిసిపోయి స్టేటస్ పెట్టుకున్నాను.

ఈ సాయంత్రం ఆ పిల్లలుండే మహబూబాబాద్ అనాథాశ్రమానికి వీడియో కాల్ చేస్తే చిన్నోడి మెడలో కొత్త నల్లదారం కనిపించింది.

"ఎవరు కట్టిన్రు బిడ్డా?"

వాడు దారం పట్టుకుని అక్క వైపు చూశాడు. వాడి అక్క చెప్పింది: "మా నాయినమ్మ. భూపాలపల్లి నుంచి వచ్చింది. గా ఫ్లెక్సీ ఎవరో ఫోన్ల చూపిచ్చిన్రట. మల్ల వస్తనన్నది, ఆంటీ."

వాళ్లకెవరూ లేరనే విన్నాం. ఫ్లెక్సీ పీకేయమని మా ఆయన తన తమ్ముడికి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఇప్పుడు పీకితే ఏం లాభం?

నిన్నటిదాకా ఆ పిల్ల నన్ను అమ్మా అనేది.