తెల్లగుడ్డ మూట

ఆదివారం, నోయిడా.

టీవీలో ఏదో దేశం. గాజా పిల్లల కోసమని రోడ్డు నిండా జనం. ఒకావిడ తెల్లగుడ్డ మూటను చచ్చిన బిడ్డలా ఎత్తుకుని నడుస్తోంది. లోపల బిడ్డ లేదు, ఉత్తి గుడ్డే. కింద అక్షరాలు మాత్రం 'ఊరేగింపుతో ట్రాఫిక్ జామ్' అంటున్నాయి.

అది మా అమ్మాయి శ్రావణి పనిచేసే ఛానలే. అన్నం పెడుతూ అడిగాను.

"ఆ మూట సంగతి రాయలేదేమే?"

"పైవాళ్లు ట్రాఫిక్ అనే రాయమన్నారమ్మా. ఛోడో నా, వదిలెయ్."

"నీ తమ్ముడు బస్సు కింద పడి పోయిననాడూ ఇలాగే రాశారు కదే, బళ్లు ఆగిపోయాయని. వాడి పేరే లేదు."

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచిపోయింది. తినే పిల్లతో ఎందుకన్నానో...

ఆవిడ ఇంటికెళ్లాక ఆ మూటను ఎక్కడ దించిందో.