కోట పతనంపై బావగారికి నివేదిక

తాడేపల్లిగూడెం,
9 ఫిబ్రవరి 2026.

పూజ్యులు బావగారు ఈశ్వరప్రసాద్ గారికి వేంకటాచలం నమస్కరించి విన్నవించునది. ఇక్కడ అందరం క్షేమం. ఆకివీడులో మీరందరూ క్షేమమని తలుస్తాను.

విషయం: ఆదివారపు ఆటలో కోట కూలుట, దిగ్భ్రాంతి తెలియజేయుట గురించి.
సూచిక: నవంబరు 16న మీరు చెప్పులు వేసుకుని వెళ్లిపోవుట.

ఏ ఆటకైనా పద్ధతి ముఖ్యం. మన ఆటకు మరీ ముఖ్యం. ఇందులో బంతి లేదు, పేక లేదు; బల్ల చుట్టూ కూర్చున్న మనుషుల మాట తప్ప వేరే ఆస్తి లేదు. గేమ్ మాస్టరు, అనగా నేను, కథాలోకాన్ని వర్ణించవలెను. తక్కినవారు తలా ఒక పాత్ర ధరించి తామేం చేస్తారో చెప్పవలెను. ఫలితం అనుమానమైన చోట ఇరవై ముఖాల పాచిక తేల్చవలెను. పెద్ద అంకె పడితే జయం, చిన్నది పడితే పరాభవం. పద్దెనిమిదేళ్లు ఫైళ్లు నడిపిన సూపరింటెండెంటుగా ఈ పద్ధతిని తు.చ. తప్పక పాటిస్తున్నాననే ఇన్నాళ్లూ నమ్మాను.

నవంబరు సంగతి మీకు తెలిసినదే. రికార్డు కోసం రాస్తున్నాను. కొల్లేటి నడుమ దొంగల దొర కట్టుకున్న కోట. దాన్ని పట్టడానికి నేను ముప్పై ఒక్క పేజీల కథ సిద్ధం చేశాను. మీ పాత్ర, పడవవాడు వీరాస్వామి, ఏడో పేజీలోనే పార తీశాడు. "చుట్టూ ఉన్నది మట్టిగట్టే కదండీ బావగారూ! లోపల పల్లం, బయట నీళ్లు. గండి కొడితే సరిపోద్ది" అన్నారు. ముప్పై ఏళ్లు మురుగు కాలువల గట్లు కాసిన మనిషి మీరు. నేను అట్ట అడ్డం పెట్టుకుని పాచిక వేసి, రెండు పడిందన్నాను. కాపలావాళ్ల బాణాలకు వీరాస్వామి మరణించాడు. "నాకు తెలిసిందంతా ఇక్కడ దండగన్నమాట" అని మీరు లేచారు. మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. మీ చెల్లెలు రాజరాజేశ్వరి పన్నెండు వారాలుగా నాతో అవసరమైన మేరకే మాట్లాడుతోంది.

తర్వాత ఏలూరు నర్సు లిడియా కూడా తిరగబడింది. "కోటలోకి ఎలా వెళ్లాలో మీకే తెలిసినప్పుడు నన్నెందుకండీ బస్సెక్కించి రప్పిస్తారు?" అన్నది. వంటింట్లోంచి మీ చెల్లెలు, "ఆయనొక్కరే ఆడుకుంటారులే అమ్మా, నువ్వు పెసరట్టు తినేసి వెళ్లు" అన్నది. నా సమక్షంలోనే! నివ్వెరపోయి నాకు నేనే ఒక మెమో జారీ చేసుకున్నాను: ఎవరినైనా కాదనే ముందు మనసులో పది లెక్కపెట్టవలెను.

నిన్న జీవన్ అనే కొత్తవాడు వచ్చాడు. దెందులూరు దగ్గర చేపల చెరువులు చూసుకుంటాడు. నవంబరు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. కోట ముందుకు రాగానే, "గట్టు ఎక్కడ పల్చగా ఉందండీ?" అన్నాడు.

నా చేతిలో పెన్సిలు జారిపోయింది. మీ చెల్లెలు గరిటెతో వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఏడు దగ్గర జీవన్, "ఏవండీ, ఒంట్లో బానే ఉందా?" అని అడిగాడు. పది అయ్యాక, ఉద్యోగ జీవితంలో ఎన్నడూ అనని మాట అన్నాను: "నాకు తెలియదు బాబూ, నువ్వే చెప్పు."

"ఎండ్రకాయల బొరియలున్న చోటండీ. కొంచెం చెమ్మ కనపడుద్ది. అక్కడ నాలుగు పారలేస్తే మిగతాది నీళ్లే చూసుకుంటాయండి" అన్నాడు. "ఆగు బాబూ, లోపల పిల్లలుంటారు కదా, ముందు వాళ్లని పడవెక్కిద్దాం" అన్నది లిడియా. బావగారూ, నా ముప్పై ఒక్క పేజీల్లో ఒక్క పిల్లాడు లేడు! పిల్లలు పడవెక్కారు, వాళ్ల వెంట కాపలావాళ్లూ ఎక్కారు. గట్టు తెగింది. దొంగల దొర నులకమంచం మీద తేలుతూ, తన చెప్పులు ఎవరైనా చూశారా అని అడుగుతూ పోయాడు. మీ చెల్లెలు గరిటె కింద పెట్టి మరీ నవ్వింది. లిడియా రెండు బస్సులు వదిలేసింది. నేను చేసినదల్లా అడగడం. ఆ దిగ్భ్రాంతి నుంచి ఇంకా తేరుకోలేదు.

కావున తాము వచ్చే ఆదివారం విచ్చేయవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
వేంకటాచలం.

తా.క.: ఫైలులో ఎక్కని విషయం ఒకటున్నది. నవంబరు పదహారున అట్ట వెనుక పడినది రెండు కాదు, ఇరవై. మీ గండి తెగింది, బావగారూ. చేతిలో ఇంకా ఇరవై నాలుగు పేజీలున్నాయి. వాటి మీద మమకారంతో మనిషిని చంపాను. నిన్న అందరూ వెళ్లాక మీ చెల్లెలి ముందు ఒప్పుకున్నాను. ఆవిడ గిన్నెలు సర్దుతూనే, "పాచిక పడినప్పుడు కాఫీ పట్టుకుని మీ వెనకే ఉన్నానండి. అన్నయ్యకి మీరే చెబుతారని చూశాను" అన్నది. పన్నెండు వారాలు!

అందుచేత నియమావళి సవరించడమైనది: చనిపోయిన పాత్ర తాలూకు మనిషి ఆదివారం మా ఇంట భోజనానికి కూర్చున్నచో, మజ్జిగ పోసుకునేలోగా ఆ మరణం రద్దగును. ఈ నియమం అంతిమం. దీనిపై అప్పీలు లేదు.